వంటింట్లో పన్నెండుమంది భటులు

ఆ ఆఫీసులో ఆమెను అందరూ లాయరమ్మ అనేవాళ్లు. ఆమె చదివింది లా కాదు. చేసే పని కంప్యూటర్ ఆటల్లో పోరాటాలు పేర్చడం. ఏ గదిలో ఎంతమంది శత్రువులుండాలి, వాళ్ల చేతుల్లో ఏముండాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి, పారిపోవాలనుకున్నవాడికి దారి ఉంచాలా వద్దా, ఇవన్నీ ఆమె తేలుస్తుంది. ఈ ఉద్యోగాన్ని ఎన్‌కౌంటర్ డిజైనర్ అంటారు. వాళ్లమ్మ ఆ పేరు ఒక్కసారి నలుగురిలో పలికింది. విన్నవాళ్లకు పోలీసులు గుర్తొచ్చి మొహాలు మారిపోయాయి. అప్పట్నుంచి ఆవిడ "మా అమ్మాయి కంప్యూటర్లలో చేస్తుంది" అని సరిపెట్టుకుంటోంది. లాయరమ్మ అన్న పేరు మాత్రం వాదన వల్ల వచ్చింది. మూడేళ్లుగా ఆమె ఒకే ఒక్క కేసు వాదిస్తోంది.

ఆ కేసు ఏమిటంటే, ముప్ఫై చిల్లర ఏళ్ల కిందట 'ఇనుపకోట' అని ఒక ఆట వచ్చింది. ఆరుగురు వీరుల్ని వెంటేసుకుని కోటలో ఒక్కో గదీ గెలుచుకుంటూ పోవాలి. కొట్లాట వంతులవారీగా సాగుతుంది. మీ వంతు మీరు ఆడాక వాళ్ల వంతు వాళ్లు ఆడతారు. తొమ్మిదో గది రాజుగారి హాలు. అక్కడికొచ్చేసరికి ఆడేవాడు సంచిలో మందులన్నీ పైకి తీసుకుని, మంత్రాలన్నీ సిద్ధం చేసుకుని, ఊపిరి బిగబట్టి తలుపు తోస్తాడు. అంత పెద్ద హాల్లో రాజు ఒక్కడే ఉంటాడు. భటుడన్నవాడు కనబడడు. రాజు నాలుగు మాటలు మాట్లాడి కిరీటం తీసి కింద పెట్టేస్తాడు. ఈ మాత్రానికేనా ఇంత హడావుడి అనుకుంటూ వెనక తలుపు తీస్తే అది వంటిల్లు. అందులో పొయ్యి చుట్టూ, గిన్నెల మధ్య, పన్నెండుమంది రాజభటులు కత్తులు దూసి నిలబడి ఉంటారు.

దీని మీద ప్రపంచంలో పనీపాటా లేని మేధావులంతా ఇన్నేళ్లూ ఇంటర్నెట్‌లో కొట్టుకున్నారు. అది మహాద్భుతమని కొందరు, ఒట్టి తలతిక్కని కొందరు. లాయరమ్మ మొదటి రకం. పద్నాలుగేళ్లప్పుడు, అప్పటికే పాతబడిపోయిన ఆ ఆటను అన్నయ్య కంప్యూటర్ మీద చూసింది. రాజు కిరీటం పెట్టేయగానే అన్నయ్య ఆట అయిపోయిందని లేచి బయటికి పోయాడు. ఆమె కూర్చుని వెనక తలుపు తీసింది. నాలుగుసార్లు ఓడిపోయింది. ఐదోసారి తన ఆరుగురిలో బలమైనవాణ్ణి సరిగ్గా గుమ్మంలో నిలబెట్టింది. వంటబల్లల మధ్య సందు సన్నం. ఇద్దరికి మించి ఒకేసారి రాలేకపోయారు. శత్రువు ఎంతమంది అన్నది కాదు, ఎక్కడ నిలబడ్డారన్నది ముఖ్యమని ఆ మధ్యాహ్నం ఆమెకు తెలిసింది. అంత సంతోషం ఆమెకు చదువులోనూ రాలేదు, తర్వాత పెళ్లిలోనూ రాలేదు. పెద్దయ్యాక ఆ పోరాటం మీద ముప్ఫై పేజీల వ్యాసం రాసింది. కోట కూలిపోతోందని భటులకు ముందే తెలుసు, అందుకే రాజును హాల్లో వదిలేసి తిండి ఉన్న చోటికి చేరారు, ఒక రాజ్యం పతనాన్ని ఒక్క మాట కూడా లేకుండా ఇంత గొప్పగా చెప్పినవాడు లేడు అని అందులో తేల్చింది. ఇనుపకోటను కొత్త హంగులతో మళ్లీ తయారుచేయడానికి హక్కులు కొన్న యజమాని ఆ వ్యాసం చదివే ఆమెకు ఉద్యోగం ఇచ్చాడు.

ఎదుటి పక్షం ప్రోగ్రామర్‌ది. మనిషి నెమ్మదస్తుడే గానీ ఈ విషయంలో పట్టిన పట్టు వదలడు.

"హాలు నలభై అడుగుల వెడల్పు. స్తంభాలున్నాయి, పైన వసారా ఉంది, విల్లు పట్టుకున్నవాడికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. అక్కడ ఒక ముసలి రాజును కూర్చోబెట్టి, పన్నెండుమందిని తీసుకెళ్లి వంటింట్లో కుక్కుతామా? ఒకడి మీద ఒకడు పడి కదల్లేరు. కొత్తగా ఆడేవాడు విసుగెత్తి మౌస్ విసిరికొడతాడు."

"విసిరికొట్టాక మళ్లీ తీసుకుంటాడు. నేను తీసుకున్నాను."

"నీలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు?"

ఈ వాదన భోజనాల దగ్గర జరిగింది, మెట్ల మీద జరిగింది, ఇద్దరూ ఇంటికి వెళ్లేది ఒకే బస్సు కాబట్టి బస్సులో కూడా జరిగింది. చివరికి యజమాని విసిగిపోయి తీర్పు పెద్దాయనకు వదిలేశాడు. పెద్దాయన అంటే అసలు ఆటలో పోరాటాలన్నీ రాసిన మనిషి. ఒప్పందం ప్రకారం ఆయన సంతకం లేనిదే ఏ గదినీ ముట్టుకోకూడదు. ఒక ఫారం కొట్టించారు. అందులో రెండు గళ్లు: 'ఉన్నది ఉన్నట్టు', 'మార్చాలి'. ఆయన ఏ గడిలో టిక్కు పెడితే అది ఖాయం. లాయరమ్మకు ఆ వారమంతా అన్నం సయించలేదు. ఆ వంటిల్లు పోతే తాను ఈ పనిలోకి ఎందుకొచ్చిందో ఆ కారణమే పోయినట్టని ఆమెకు అనిపించింది.

పెద్దాయన పదకొండింటికి వచ్చాడు. డెబ్భై రెండేళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో ఒక పాత ఫైలు. వెంట భార్య కూడా వచ్చింది. మీటింగు గది ఇరుకుది, అందులో వేసిన బల్లేమో గదికి మించినది. అవతలి చివర కూర్చోవాలంటే గోడకు వీపు ఆనించి పక్కకు జరుగుతూ పోవాలి. పెద్దాయన అలాగే జరుగుతూ వెళ్లి బల్ల తలభాగాన కూర్చున్నాడు. ఆవిడ ఆ అవస్థ పడకుండా తలుపు పక్క కుర్చీలో కూర్చుని హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. ఏసీ నుంచి నీళ్లు కారుతుంటే కింద ఎవరో ప్లాస్టిక్ బకెట్ పెట్టారు.

యజమాని స్వాగతం పలికి, వంటింటి పోరాటం గురించి జనం ఎంత గొప్పగా చెప్పుకుంటారో వర్ణించాడు. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"బయట ఎవరికీ చెప్పలేదు గానీ, ఇప్పుడు చెప్పేస్తాను. ఆ పన్నెండుమందిని నేను పెట్టింది హాల్లోనే. గదుల పట్టిక కాగితం మీద నేను రాశాను, కంప్యూటర్‌లోకి ఎక్కించింది మా ఆవిడ. అప్పట్లో ఆ కంపెనీలో టైపిస్టు తనే. కొట్టేటప్పుడు ఒక వరస కిందికి జారింది. హాల్లో ఉండాల్సినవాళ్లు పోయి వంటింట్లో పడ్డారు." ఆయన నవ్వాడు. "మా చుట్టాల్లో ఇదో పెద్ద జోకు. ఆడవాళ్ల చేతికి భటుల్నిస్తే ఎక్కడికి తోలుకెళ్తారు, వంటింట్లోకే కదా. ఏ ఫంక్షనైనా నేను ఇది చెప్పాల్సిందే, అందరూ నవ్వాల్సిందే. పాపం, నేను తనని ఒక్క మాట కూడా అనలేదు. అడగండి కావాలంటే."

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ ఫొటో తీసేటప్పుడు నవ్వినట్టు కాస్త నవ్వింది.

లాయరమ్మకు తన వ్యాసం గుర్తొచ్చింది. ముప్ఫై పేజీలు. రాజ్య పతనం. తిండి ఉన్న చోటికి చేరిన భటులు. అదంతా ఒక వేలు జారడం. ప్రోగ్రామర్ ఆమె వైపు చూడకుండా గ్లాసులో నీళ్లు పోసుకున్నాడు. అతను మర్యాదస్తుడు కాబట్టే ఆమెకు ఇంకా కష్టంగా ఉంది.

"పొరపాటున వచ్చినా మంచిది మంచిదే కదా సార్," అంది ఆమె.

"అమ్మాయీ, నీ వ్యాసం చదివాను. బాగా రాశావు. కానీ నువ్వు మెచ్చుకుంటున్నది నన్ను కాదు. ఇన్నేళ్లుగా ఎవరు కనబడినా ఆ వంటిల్లు ఎంత బావుందండీ అంటారు. నేను చెమటోడ్చి రాసిన మిగతా గదుల పేరు ఎవడూ ఎత్తడు. నాకు కావలసింది ఒక్కటే. పోయేలోగా నేను రాసింది రాసినట్టు ఒక్కసారి చూడాలి. ఇది తప్పంటావా?"

తప్పని ఎలా అంటుంది. ఎవరైనా కోరుకునేదే అది. ఆయన ఫైలు విప్పి గదుల పట్టిక ఉన్న అసలు కాగితం బల్ల మీదికి తోశాడు. దీన్ని చూసి సరిచేసుకోండి, చేశాక ఫారం మీద సంతకం పెడతానన్నాడు. యజమాని ఆయన్ని లేవదీసి, ఈలోగా కొత్త బొమ్మలు చూద్దురు గానీ రండి అని పక్క గదిలోకి తీసుకెళ్లాడు. ఆవిడ మాత్రం కూర్చున్న చోటి నుంచి కదల్లేదు.

లాయరమ్మ కాగితం దగ్గరికి లాక్కుంది. దీని జిరాక్సు ఆమె దగ్గర మూడేళ్లుగా ఉంది. ప్రతి వరసా కంఠతా వచ్చు. గది 1, గుమ్మం, కావలివాళ్లు ముగ్గురు. గది 8, నడవ, ఎవరూ లేరు. గది 9, హాలు, భటులు పన్నెండుమంది. గది 10, వంటిల్లు, వంటవాడు, రెండు ఎలుకలు. అసలు ఆటలో ఇలా లేదు కాబట్టి, రాసుకున్నాక పెద్దాయన మనసు మార్చుకున్నాడని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఆ మనసు మార్చుకోవడం మీద కూడా వ్యాసంలో రెండు పేజీలు ఉన్నాయి. పట్టిక పైన ఎర్ర సిరాతో 'ఒకటి నుంచే' అని ఒక ముక్క ఉంది. అది జిరాక్సులో కూడా ఉంది. ఏదో శీర్షిక అనుకుని ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. కానీ ఆ ఎర్ర సిరా పైన సన్నటి పెన్సిలు అక్షరాలున్నాయి. పెన్సిలు జిరాక్సులో పడలేదు. ఆమె కాగితాన్ని కిటికీ వెలుతురులోకి వంచి చదివింది. 'గదుల లెక్క సున్నా నుంచా, ఒకటి నుంచా?'

"పాత కోడ్‌లో గదుల లెక్క ఎక్కణ్ణుంచి మొదలవుతుంది?" అని అడిగింది ప్రోగ్రామర్‌ను.

"సున్నా నుంచి. మొదటి గది నంబరు సున్నా, రెండోది ఒకటి. ఎందుకు?"

ఆమె కాగితం అతని ముందు పెట్టింది. అతను చదివి, వేలితో పట్టిక మీద ఒక్కో వరసా కిందికి జరుపుతూ పోయాడు. ఆ వేలు మధ్యలో ఆగిపోయింది.

"అయితే ఒక వరస జారడం కాదిది," అన్నాడు. "ఇందులో ఒకటి అని రాసింది మెషిన్ లెక్కలో రెండో గది. మొత్తం జాబితా ఒక గది ముందుకు పోతుంది. నడవలోని ఖాళీ హాల్లోకి వచ్చింది. రాజు ఈ పట్టికలో లేడు కాబట్టి కదల్లేదు, హాల్లోవాళ్లు వంటింట్లోకి పోయారు. కోట గుమ్మం దగ్గర కావలివాడెందుకు లేడా అని నేను మూడేళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నాను." ఈ మాట తన కేసుకు మంచిదో చెడ్డదో అతను ఆలోచించలేదు. లెక్క లెక్కే. "టైపు చేసినవాళ్ల తప్పేం లేదు. రాసింది రాసినట్టు కొట్టారు."

ఇద్దరూ తలుపు వైపు చూశారు.

"ఆ పెన్సిలు రాత నాదే," అంది ఆవిడ, వాళ్లు అడగకముందే. "అంతకు ముందు ఆయుధాల జాబితా ఇచ్చారు, అది సున్నా నుంచి ఉంది. ఇదేమో ఒకటి నుంచి ఉంది. అనుమానమొచ్చి రాసి పంపాను. ఆయన ఆ ముక్క రాసి, కాగితం తెచ్చి నా చేతికిచ్చి, చిన్నపిల్లలు కూడా ఒకటి నుంచే లెక్కపెడతారు అన్నారు. సరేనని కొట్టాను."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేంటమ్మా?" అని అడిగింది లాయరమ్మ.

"ఎప్పుడు చెప్పను? ఆట వచ్చిన నెలకే ఎంత ఆలోచించి పెట్టారో అని పేపర్లో ఆయన ఫొటో వేశారు. అప్పుడు చెబితే ఏడుపుగొట్టుదాన్ని అవుతాను. తర్వాత ఇంట్లో నా వేలు జారిందని మొదలుపెట్టారు. అబద్ధమాడలేదు, నిజంగా అలాగే అనుకున్నారు. నోటితో చెబితే నమ్మరు, కాగితం చూపించాలి. కాగితమేమో ఆయన బీరువాలో, తాళం ఆయన జేబులో." ఆవిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు ఒకసారి తీసి మళ్లీ వేసింది. "అలా రోజులు గడిచిపోయాయి."

"ఇప్పుడు ఆయనకు చూపించనా?"

"దేనికి? నీ కేసు గెలవడానికా, నా కోసమా?"

లాయరమ్మ మీ కోసమే అని చెప్పవచ్చు. చెబితే వినడానికి బాగుంటుంది కూడా. కానీ ఆ మనిషి ముందు అబద్ధం నోటికి రాలేదు.

"నా కేసు కోసమేనమ్మా."

"అయితే చూపించు. నా కోసమంటే వద్దనేదాన్ని."

పెద్దాయన బొమ్మలు చూసి హుషారుగా తిరిగొచ్చాడు. మళ్లీ గోడ పట్టుకుని జరుగుతూ వెళ్లి తన చోట కూర్చున్నాడు. లాయరమ్మ వాదించలేదు. కాగితం ఆయన ముందు పెట్టి, పెన్సిలు రాత మీద వేలు ఉంచింది. పాత మెషిన్ గదుల్ని సున్నా నుంచి లెక్కపెట్టేదని ప్రోగ్రామర్ రెండు ముక్కల్లో చెప్పాడు. పెద్దాయన జేబులోంచి కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చదివాడు. ఒక లైను చదవడానికి పట్టేంత కన్నా చాలా ఎక్కువసేపు చదివాడు. బకెట్‌లో నీటిచుక్కలు పడుతున్నాయి.

"నువ్వు అడిగావా?" అన్నాడు తలెత్తకుండా.

"అడిగాను."

"నేనేమన్నాను?"

"మీ అక్షరమే ఉందిగా కింద."

"ముప్ఫై ఏళ్లు," అన్నాడాయన.

"ముప్ఫై ఒకటి," అంది ఆవిడ.

ఆయన మొహం ఎర్రబడింది. కోపం వస్తుందేమోనని యజమాని కుర్చీలో ముందుకు జరిగాడు. కానీ వచ్చింది కోపం కాదు, సిగ్గు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన ఫారం మీదికి వంగాడు. 'ఉన్నది ఉన్నట్టు' అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాడు.

"భటుల్ని హాల్లోకి మార్చాలన్నారు కదా సార్," అన్నాడు ప్రోగ్రామర్.

"పక్కవాళ్ల తప్పయితే దిద్దాలి. నా తప్పే అయితే ఉండనివ్వండి."

"తప్పు ఎవరిదైనా పోరాటానికి హాలే మంచిది," అని ప్రోగ్రామర్ గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు. లాయరమ్మ కేసు గెలిచింది. మూడేళ్లు వాదించిన దాంట్లో ఒక్క ముక్క కూడా ఎవరూ ఒప్పుకోకుండానే గెలిచింది. వంటిల్లు నిలిచింది, తన వ్యాసం మాత్రం చిత్తు కాగితమైంది. ఆమెకు కాస్త నవ్వూ కాస్త ఏడుపూ వచ్చాయి గానీ రెంటినీ మింగేసింది.

పెద్దాయన కలం మూత పెట్టలేదు. ఫారం అడుగున 'పోరాటాల రూపకల్పన' అన్న చోట అచ్చువేసి ఉన్న తన పేరు పక్కన ఖాళీ చూసి, కలం బల్ల మీదుగా ఆవిడ వైపు చాపాడు.

"నీ పేరు కూడా రాయి."

"నా పేరెందుకండీ. నేను కొట్టింది మీరు రాసిందే. ఒక్క అక్షరం అటూ ఇటూ లేదు." ఆ మాట ఆవిడ నెమ్మదిగానే అంది. కానీ అనడానికి ముప్ఫై ఒక్క ఏళ్లు ఆగిందని అక్కడున్న అందరికీ తెలిసింది.

"మరి నేనేం చేయను?"

ఆవిడ ఆలోచించింది. "మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పండి. ఎప్పుడూ దాని ఇంట్లోనే కదా మీరు ఆ జోకు చెప్పేది."

"ఇప్పుడా? ఇక్కడా?"

"ఇంటికెళ్తే మీకు గుర్తుండదు."

ఆయన ఫోన్ తీశాడు. చెవి సరిగ్గా వినబడదు కాబట్టి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. యజమాని మర్యాదకు లేవబోయాడు గానీ, ఆ సందులో బయటికి పోవాలంటే ముందు ఇద్దరు లేవాలి. అందుకని మళ్లీ కూర్చున్నాడు. మూడు రింగులకు మరదలు ఎత్తింది. వెనక కుక్కర్ కూత వినిపించింది.

"ఏంటి బావగారూ, ఈ టైములో?"

"ఏం లేదమ్మా. ఆ వంటింట్లో భటుల సంగతి లేదూ, నేను ఎప్పుడూ చెబుతుంటానే. అది మీ అక్క తప్పు కాదట. నాదేనట. ఇక్కడ కాగితం దొరికింది. నీకు చెప్పమంది, చెబుతున్నాను."

అవతల స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"అదా," అంది మరదలు. "ఆ పెన్సిలు సంగతేగా. అక్కయ్య నాకు ఆట వచ్చిన వారమే చెప్పింది. నాకే ఏంటి, అమ్మకు తెలుసు, పిన్నికి తెలుసు, నా కోడలికి కూడా తెలుసు. మీరు హాల్లో ఆ కథ ఎత్తుకోగానే మేమంతా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది ఎందుకనుకున్నారు? మీ ఎదురుగా నవ్వు ఆపుకోలేకే బావగారూ."

పెద్దాయన ఫోన్ కట్టేసి బోర్లా పెట్టాడు. బల్ల తలభాగాన ఆయనొక్కడూ, అంత పొడుగు బల్లా. తక్కినవాళ్లంతా తలుపు వైపు చివరన, ఆవిడ దగ్గర, ఇరుక్కుని కూర్చుని ఉన్నారు.

"ఎంతమంది ఉండేవాళ్లు లోపల?" అని అడిగాడు చివరికి.

"ఉండండి, లెక్కపెట్టి చెబుతాను," అంది ఆవిడ, చిటికెన వేలు మడుస్తూ. "ఒకటి నుంచేగా?"